పుంజు ఖర్చు తీర్చాలి, పెట్ట మిగల్చాలి

గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొచ్చే కోడిని ద్విప్రయోజన కోడి అంటారు. పెట్ట గుడ్లు పెడుతుంది, పుంజు తూకానికి వస్తుంది. పల్లెల్లో పెరటికోడి తరతరాలుగా చేస్తున్న పని ఇదే. పాతిక ముప్ఫై పెట్టలతో ఇలాంటి కోళ్లను పెంచి, గుడ్లు పొదిగించి, పిల్లలను తీసి, జాతిని నిలబెట్టే చిన్న పెంపకందారుకు ఆ శ్రమ ఎలా గిట్టుబాటవుతుంది? ఈ ప్రసంగంలోని విషయం అదే.

గత శతాబ్దం మధ్య నుంచి కోళ్ల పరిశ్రమ రెండు దారులుగా చీలింది. ఒక దారిలో బ్రాయిలర్ ఉంది. అది ఆరు వారాలు నిండేలోపే రెండు కిలోలు దాటుతుంది. రెండో దారిలో లేయర్ ఉంది. అది ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. ఈ చీలిక వల్ల గుడ్డూ మాంసమూ సామాన్యుడికి అందాయి. కానీ లేయర్ హేచరీలో పుట్టే మగపిల్లకు చోటు లేకుండా పోయింది. అది గుడ్డు పెట్టదు, లాభసాటిగా తూకానికీ రాదు. అందుకని పుట్టిన రోజే చంపేయడం ప్రపంచమంతటా ఆనవాయితీ అయింది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఆ పద్ధతిని చట్టంతో ఆపింది. ద్విప్రయోజన కోడిలో ఈ వృథా లేదు. పొదిగిన పిల్లల్లో సగం పుంజులే అయినా, ఆ సగానికీ కొనేవారుంటారు. చిన్న పెంపకందారు లెక్క లాభంలో తేలడమూ నష్టంలో తేలడమూ ఆ సగం మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ లెక్కను ఒక చోట పెట్టి చూద్దాం. హైదరాబాద్ శివారు మణికొండ ఇప్పుడు ఐటీ కారిడార్‌ను ఆనుకుని, ఎత్తైన అపార్టుమెంట్లతో నిండిపోయిన ప్రాంతం. తెల్లవారుజామున పుంజు కూయడానికి అక్కడ చోటు లేదు. అయినా ఈ విషయానికి మణికొండ రెండు విధాల దగ్గర. కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రాజేంద్రనగర్ ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో అక్కడ కోళ్ల ప్రాజెక్టు డైరెక్టరేట్‌ను నెలకొల్పింది. 2013 నుంచి అది కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా నడుస్తోంది. దేశమంతటా పెరళ్లలో తిరుగుతున్న వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు అక్కడ రూపుదిద్దుకున్నవే. రెండో దగ్గరితనం బజారుది. మణికొండ నుంచి పడమరగా వెళ్తే మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు తోటలూ పొలాలూ వస్తాయి. కోడి తిరిగే నేల అక్కడుంది. ఆదివారం నాటుకోడి కూర కోసం వెతుక్కునే ఇళ్లు మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేటల్లో ఉన్నాయి. జాతి కోసం పరిశోధన సంస్థ, పెంపకానికి నేల, కొనడానికి ఇల్లు ఇంత చేరువలో ఉండే చోట్లు ఎక్కువ లేవు.

ముందుగా ఏ కోడి ఏపాటి పని చేస్తుందో చూడాలి. ఊళ్లో తిరిగే మామూలు నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. ఆరుబయట తిరిగే వనరాజ పెట్ట 110 దాకా, శ్రీనిధి 150 దాకా పెడతాయి. గ్రామప్రియ గుడ్ల వైపు మొగ్గిన రకం, 160 నుంచి 180 వరకు పెడుతుంది. వనరాజ తూకం వైపు మొగ్గింది, శ్రీనిధి నడిమధ్యన ఉంటుంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల పరిశోధనలో పుట్టిన రాజశ్రీ కూడా పెరటికి తగిన రంగుల కోడే. పుంజులను అమ్మడం సులువైన చోట వనరాజ, గుడ్లకు గిరాకీ ఉన్న చోట గ్రామప్రియ, రెండూ సమంగా సాగే చోట శ్రీనిధి నప్పుతాయి.

ఇక మేత లెక్క. కొట్టంలో కట్టడి చేసి పెంచే పెట్ట రోజుకు సుమారు 120 గ్రాముల దాణా తింటుంది. ఏడాదికది 44 కిలోలు. ఆ పెట్ట 150 గుడ్లు పెడితే గుడ్డుకు 290 గ్రాముల దాణా పడినట్టు. రోజుకు 110 గ్రాములు తిని 310 గుడ్లు పెట్టే లేయర్‌కు గుడ్డుకు 130 గ్రాములే పడుతుంది. మాంసం సంగతీ అంతే. బ్రాయిలర్ కిలో పెరగడానికి రెండు కిలోల లోపు దాణా చాలు. ద్విప్రయోజన పుంజుకు మూడు కిలోల పైచిలుకు కావాలి. కాబట్టి సంచి విప్పి దాణా పోస్తూ, ఫారం కోడి ధరకే అమ్మాలనుకుంటే ఈ కోడి ఎన్నటికీ గిట్టదు. గిట్టుబాటుకు రెండే మార్గాలు ఉన్నాయి. సగానికి పైగా మేత కోడి తనంతట తాను ఏరుకుని తినాలి. ఆ తినే తీరువల్ల వచ్చే రుచికీ రంగుకీ కొనేవారు ఎక్కువ ధర ఇవ్వాలి. ఈ రెండూ కలిసొస్తేనే లెక్క కుదురుతుంది.

మామిడి, జామ, సపోటా తోటలు కోడికి మంచి నెలవులు. రాలిన పండు, గడ్డిగింజలు, పురుగులు, చెదలు అన్నీ అక్కడే దొరుకుతాయి. అప్పుడు సాయంత్రం గూటికి వచ్చే వేళ తలకు 40, 50 గ్రాముల నూకలు, జొన్నలు, తవుడు, చెక్క కలిపి వేస్తే సరిపోతుంది. ముప్ఫై పెట్టలు, ఆరు పుంజులు ఉన్న మందకు కట్టడిలో రోజుకు నాలుగు కిలోలకు పైగా దాణా కావాలి. తోటలో తిరిగితే రెండు కిలోల లోపే సరిపోతుంది. గుడ్లు పెట్టే పెట్టలకు నాలుగైదు గ్రాముల ఆల్చిప్పల పొడి విడిగా పెట్టాలి, లేకపోతే గుడ్డు పెంకు పలచబడుతుంది. ప్రేమ కొద్దీ గింజలు ఎక్కువ వేయడమూ పొరపాటే. వనరాజ వంటి బరువైన పెట్టకు కొవ్వు పట్టిందంటే గుడ్లు తగ్గిపోతాయి.

జాతిని ఎలా మొదలుపెట్టాలన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. వనరాజ, గ్రామప్రియ సంకర రకాలు. తండ్రి ఒక వంశం, తల్లి మరో వంశం. ఆ రెండింటి కలయికలో పుట్టిన మొదటి తరం పిల్లలన్నీ దాదాపు ఒకే తీరుగా, చురుగ్గా పెరుగుతాయి. వాటి గుడ్లనే మళ్లీ పొదిగిస్తే తర్వాతి తరంలో గుణాలు చెల్లాచెదురవుతాయి. ఒకటి పొట్టిగా, ఒకటి బరువుగా, ఒకటి ఆలస్యంగా గుడ్లకు వచ్చేదిగా తయారవుతాయి. పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే ఇంటికి అది నష్టం కాదు. పిల్లలు అమ్ముకునే పెంపకందారుకు మాత్రం పేరు పోతుంది.

అందువల్ల ఆయన ముందు మూడు దారులు ఉంటాయి. పరిశోధన సంస్థ నుంచి తండ్రి వంశం, తల్లి వంశం పిల్లలను వేర్వేరుగా తెచ్చి, పెంచి, వాటి సంకరాన్ని అమ్మడం మొదటిది. 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ ఇలాంటి గ్రామీణ కోళ్ల ఉత్పత్తి కేంద్రాలకు పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల రాయితీ ఇస్తుంది. కానీ అది వెయ్యి తల్లికోళ్ల స్థాయి పథకం. చిన్న పెంపకందారులు కొందరు కలిస్తేనే అందుతుంది. రెండో దారి అసీల్ వంటి స్వచ్ఛమైన స్థానిక జాతి. పందెపు పుంజుగా పేరుపడ్డా, మాంసం గట్టిదనానికీ, పెట్ట పొదిగి పిల్లలను కాపాడే నేర్పుకూ అసీల్ సాటిలేనిది. గుడ్లు మాత్రం తక్కువే. మూడో దారి మంచి స్థానిక కోళ్లను, మెరుగైన రకాలను కలిపి, ఏటికేడు ఏరుకుంటూ సొంత వంశం కట్టడం. దీనికి నాలుగైదేళ్ల ఓపిక కావాలి. రెండో దారిలోనూ మూడో దారిలోనూ మందను ఎలా నడపాలో తెలియకపోతే మూడేళ్లలో అంతా పాడవుతుంది.

పాడుచేసేది దగ్గరి రక్తం. ఒక పుంజు, పది పెట్టలతో మొదలుపెట్టి, వాటి పిల్లల్లోంచే మళ్లీ పుంజును ఎంచుకుంటూ పోతే తరానికి 14 శాతం దాకా రక్తసంబంధం పెరుగుతుంది. మొదట పొదుగు తగ్గుతుంది, తర్వాత పిల్లలు నిలవవు, ఆపైన గుడ్లు తగ్గుతాయి. ఏ రోగమో అనుకుని మందులు వాడుతూ పోతారు. ఆరు పుంజులు, ముప్ఫై పెట్టలు ఉంటే అదే లెక్క రెండున్నర శాతానికి పడిపోతుంది. మందను మూడు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపులో పది పెట్టలు, రెండు పుంజులు ఉంచడం చక్కని పద్ధతి. పుంజులు పోట్లాడుకోకుండా ఒకదాన్ని గుంపులో వదిలి, రెండోదాన్ని విడిగా ఉంచి, కొన్నాళ్లకోసారి మారుస్తుంటారు. పుట్టిన ఆడపిల్లలు తల్లి గుంపులోనే ఉండిపోతాయి. మగపిల్లలు పక్క గుంపుకు వెళ్తాయి. మొదటి గుంపు పుంజు రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది మొదటిదానికి. ఇది కోళ్ల ఇల్లరికం. ఏటా ఒకే వరసన ఈ మార్పు జరిగితే బయటి నుంచి కోడిని కొనకుండానే ఏళ్లపాటు మంద ఆరోగ్యంగా సాగుతుంది. ఏ పిల్ల ఏ గుంపుదో తెలియడానికి కాలికి మూడు రంగుల రింగులు చాలు. పుంజును మార్చాక మూడు వారాలు ఆగి గుడ్లు పొదిగించాలి. పాత పుంజు బీజం పెట్ట కడుపులో అంతకాలం నిలిచి ఉంటుంది.

ఏరడం కంటితోనూ చేతితోనూ జరిగే పని. పుంజు పిల్లలను ఎనిమిదో వారం నిండిన రోజు పొద్దున్నే, మేత పెట్టకముందు తూచాలి. బరువులో ముందు వరసలో ఉండి, కాళ్లు తిన్నగా, రొమ్ము నిండుగా ఉన్నవాటిని జాతికి అట్టిపెట్టాలి. అన్నిటికన్నా బరువైనదాన్నే ఎప్పుడూ ఎంచుకోకూడదు. బరువు మరీ పెరిగిన వంశంలో గుడ్లు తగ్గుతాయి. పుంజును దాని తల్లి పెట్టిన గుడ్లను బట్టి కూడా చూడాలి. పెట్టను చేతిలోకి తీసుకుని, వెనకవైపు గుడ్డు వచ్చే దారికి ఇరువైపులా ఉన్న సన్నని ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూస్తారు. రెండు మూడు వేళ్లు పట్టి, పొట్ట మెత్తగా, తలమీద జుట్టు ఎర్రగా నిగనిగలాడుతుంటే గుడ్లు పెడుతున్న పెట్ట. ఒక్క వేలే పట్టి, పొట్ట గట్టిగా, జుట్టు ముడుచుకుని పాలిపోతే ఊరికే తింటున్న పెట్ట. నెలకోసారి ఇలా చూసి వట్టి పెట్టలను అమ్మేస్తే దాణా ఖర్చు అక్కడికక్కడే తగ్గుతుంది.

పొదుగుకు గుడ్డును ఎంచడం మరో మెట్టు. మరీ చిన్నది, మరీ పెద్దది, పెంకు గరుకుగా ఉన్నది, పగులు ఉన్నది పక్కన పెట్టాలి. ఎంచిన గుడ్లను కడగకుండా, సన్నని కొస కిందికి ఉండేలా పేర్చి, వారం లోపే పొదుగుకు పెట్టాలి. నిల్వకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం మంచిది. హైదరాబాద్ ఎండాకాలంలో అది దొరకదు కాబట్టి తడి ఇసుకలో నిలిపిన మట్టి కుండ వాడటం పాత ఉపాయం. మెరుగైన రకం పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. అందుకని రెండు మూడు నాటుపెట్టలనో అసీల్ పెట్టలనో పొదుగు కోసమే పెంచేవారున్నారు. ఒక్కో పెట్ట కింద పది పన్నెండు గుడ్లు పెట్టొచ్చు. అంతకు మించితే ఇంక్యుబేటర్ కావాలి. గాలి తిరిగే యంత్రంలో 37.5 డిగ్రీల వేడి, 55 నుంచి 60 శాతం తేమ, చివరి మూడు రోజులు 65 శాతానికి పైగా తేమ ఉండాలి. పద్దెనిమిదో రోజు దాకా గుడ్డును తిప్పుతుండాలి. ఇరవై ఒకటో రోజున పిల్ల వస్తుంది. కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు లేకుండా ఇంక్యుబేటర్ కొనడం డబ్బు వృథా.

ఏడో రోజు రాత్రి గది చీకటి చేసి, గుడ్డు మొద్దు కొస దగ్గర ఫోన్ టార్చి పెట్టి చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. నల్లటి చుక్క నుంచి నలువైపులా ఎర్రని దారాలు సాలెగూడులా పాకి ఉంటే పిండం బతికి ఉంది. వెలుగు నిండుగా బయటికి వస్తే ఆ గుడ్డులో బీజం పడలేదు. ఎర్రని వలయం ఒక్కటే ఉంటే పిండం పుట్టి ఆగిపోయింది. బీజం పడని గుడ్లు ఎక్కువగా కనిపిస్తే పుంజులో లోపం ఉందనీ, వలయాలు ఎక్కువగా ఉంటే నిల్వలోనో వేడిలోనో తప్పు జరిగిందనీ గ్రహించాలి.

ఈ మెట్లన్నీ కలిపి ఒక బ్యాచ్ లెక్క వేస్తే ఇలా ఉంటుంది. ముప్ఫై పెట్టలు ఏడాదికి 150 చొప్పున గుడ్లు పెడితే వారానికి 86 వస్తాయి. వాటిలో 70 పొదుగుకు పెట్టి, 16 అమ్ముతారు. 85 శాతంలో బీజం పడి, అందులో 80 శాతం పొదిగితే 48 పిల్లలు. ఆరు వారాల్లో నాలుగు పోయాయనుకుంటే 44 మిగులుతాయి. అందులో 22 పుంజులు, 22 పెట్టలు. నెలకొక్క బ్యాచ్ చొప్పున పొదిగించి, మిగతా మూడు వారాల గుడ్లు తినడానికి అమ్మితే యంత్రమూ చెయ్యీ అలసిపోవు.

పిల్లల మొదటి ఆరు వారాలే పెంపకంలో ప్రాణం. నేలమీద వరి ఊక పరిచి, పైన కాగితాలు వేసి, బల్బుల వేడి కింద ఉంచుతారు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, ఆపైన వారానికి ఐదు డిగ్రీలు తగ్గించుకుంటూ పోతారు. పిల్లలు బల్బు కింద ముద్దగా ఉంటే చలి, దూరంగా పారిపోతే వేడి ఎక్కువైనట్టు. పుట్టిన రోజు మారెక్స్ టీకా, ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు, పద్నాలుగో రోజు గంబోరో, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిది నుంచి పది వారాల మధ్య కొక్కెర తెగులుకే ఆర్‌టుబి సూది వేయించాలి. టీకా సీసాలు వంద, రెండొందల మోతాదుల్లో వస్తాయి. కలిపిన మందు కొద్ది గంటల్లో అయిపోవాలి. నలభై పిల్లలకు సీసా విప్పడం దండగ కాబట్టి, చుట్టుపక్కల ముగ్గురు నలుగురు పెంపకందారులు ఒకే వారంలో పొదిగించుకుంటే ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాలు ఎంత నష్టపోయాయో అందరూ చూశారు. బయటి కోడిని తెచ్చిన వెంటనే మందలో కలపకూడదన్న నియమం చిన్నవారికీ అంతే ముఖ్యం.

ఆరు వారాల పిల్ల దగ్గరే అసలు ఆదాయం మొదలవుతుంది. రోజు పిల్లను కొన్న గృహిణికి చలినుంచీ తెగుళ్లనుంచీ దాన్ని కాపాడటం కష్టం. టీకాలు వేసి, ఈకలు వచ్చి, గద్ద నీడ చూసి దాక్కునే వయసుకు తెచ్చిన పిల్లను ఆమె సంతోషంగా ఎక్కువ ధరకు కొంటుంది. చిన్న పెంపకందారు నిజంగా అమ్మేది ఆ ఆరు వారాల భద్రతనే. అప్పటికి తలమీద జుట్టు చూసి పుంజునూ పెట్టనూ విడదీయవచ్చు. జాతికి కావలసినవి అట్టిపెట్టి, మిగతా పెట్టపిల్లలను పెరటి పెంపకానికి అమ్ముతారు.

మిగిలేవి పుంజులు. వాటిని తోటలో తిప్పి పెంచితే 15, 16 వారాలకు కిలోన్నర చేరువకు వస్తాయి. అక్కడి నుంచి మేత తగ్గదు, పెరుగుదల తగ్గుతుంది. కాబట్టి ఆ వారం చేతిలో కొనేవాడు ఉండాలి. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి పొదుగు పెట్టడం ఇందుకే. సెప్టెంబరు నడిమికి పుట్టిన పుంజు సంక్రాంతికి అందుతుంది. జూన్ మొదట్లో పుట్టింది దసరాకు, మార్చిలో పుట్టింది ఆషాఢ బోనాలకు అందుతుంది. కార్తీకంలోనూ శ్రావణంలోనూ చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. ఆ నెలల్లో తూకానికొచ్చే పుంజు ఖర్చు పెంచుకుంటూ కూర్చుంటుంది. మే నెల ఎండల్లో పుంజు బీజం బలహీనపడుతుంది, పొదుగు తగ్గుతుంది. అప్పుడు యంత్రాన్ని ఆపి, గుడ్లను అమ్ముకోవడం మేలు. చలికాలంలో పగటి వెలుగు పదకొండు గంటలకు తగ్గినప్పుడు సాయంత్రం దీపం పెట్టి పద్నాలుగు గంటలు చేస్తే పెట్టలు గుడ్లు ఆపవు.

అమ్మకంలో మాట నిజాయితీ ముఖ్యం. వనరాజ రంగుల కోడి, తోటలో తిరిగిన కోడి, మంచి రుచి ఉన్న కోడి. దాన్ని అసలైన నాటుకోడి అని చెప్పి అమ్మాల్సిన అవసరం లేదు. ఏ రకమో, ఏ తోటలో పెరిగిందో, ఎన్ని వారాలదో చెప్పి అమ్మితే మణికొండ అపార్టుమెంటులో ఒక ఇల్లు పది ఇళ్లకు చెబుతుంది. ఒక్కసారి మోసపోయానని అనుకున్న ఇల్లు కూడా అలాగే పది ఇళ్లకు చెబుతుంది. ముందుగా పేరు రాయించుకుని, పండుగ వారంలో నేరుగా అందించే పద్ధతిలో దళారి వాటా మిగులుతుంది.

చివరిది పుస్తకం. ఏ గుంపు ఏ వారం ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పొదిగాయి, ఎన్ని ఆరు వారాలు నిలిచాయి, ఏ పుంజు ఎనిమిదో వారం ఎంత తూగింది, ఎంత దాణా పోయింది. రోజుకు ఐదు నిమిషాల రాత ఇది. రాయని మందలో ఎంపిక ఉండదు, ఊహ ఒక్కటే ఉంటుంది. ఏడాది చివర పుస్తకం తిరగేసినప్పుడు పుంజులమ్మిన డబ్బు మంద మొత్తం తిన్న దాణా ఖర్చును తీర్చిందా అన్నది మొదట చూడాలి. తీరిస్తే గుడ్ల డబ్బు, పెట్టపిల్లల డబ్బు మిగులు కిందకు వస్తాయి. తీర్చకపోతే పుంజు ఎన్ని వారాలు ఎక్కువ తిన్నదో, ఏ నెలలో పుట్టిందో, ఎవరికి అమ్మారో ఆ పుస్తకమే చెబుతుంది. వచ్చే ఏటి పొదుగు తేదీలు దాన్ని బట్టే వేసుకోవాలి.